మరణం కృపావరమా, కడపటి శత్రువా?
టోల్కీన్ అమర్త్యలోకాలపై ఒక పరిశీలన

ప్రసంగ శిక్షణ తరగతిలో ప్రతి విద్యార్థి ఒక సమాధి ప్రసంగం చేయాలి. కొన్నేళ్ళ క్రితం ఒక తమ్ముడు మరణాన్ని సముద్రయానంతో పోల్చి, తెర తొలగినప్పుడు ఆవలి ఒడ్డున కనబడే వెలుగు దేశాన్ని చక్కగా వర్ణించి ముగించాడు. వినడానికి బాగుంది. తరగతిలో కొందరు తలలూపారు కూడా. "దీనికి ఏ వాక్యభాగం ఆధారం తమ్ముడూ?" అని అడిగాను. అతడు నిజాయితీపరుడు. "వాక్యం కాదు సార్, సినిమాలోది" అన్నాడు.

ఆ సినిమా 2003లో పీటర్ జాక్సన్ దర్శకత్వంలో వచ్చిన 'ద రిటర్న్ ఆఫ్ ద కింగ్'. శత్రువులు ముట్టడించిన పట్టణంలో, చావు తప్పదని భయపడుతున్న పిప్పిన్‌కు గాండాల్ఫ్ అనే వృద్ధ జ్ఞాని ఆ మాటలు చెబుతాడు. అయితే జె.ఆర్.ఆర్. టోల్కీన్ నవలలో ఆ సందర్భంలో అటువంటి సంభాషణే లేదు. ఆ వర్ణన పుస్తకం చివరి అధ్యాయంలో ఉంది. అక్కడ ఆ దేశాన్ని చూసేది చనిపోయినవాడు కాదు, ఓడ మీద ప్రాణాలతో ప్రయాణిస్తున్న ఫ్రోడో. అతడు చూసేది మరణానంతర లోకం కాదు, పడమటి సముద్రానికి ఆవల ఉన్న అమర్త్యుల దేశం. ఒక దేశాన్ని గూర్చిన వర్ణనను సినిమావారు మరణాన్ని గూర్చిన వర్ణనగా మార్చారు. సినిమాకు ఇది చిన్న మార్పే కావచ్చు. టోల్కీన్ జీవితకాలమంతా కట్టిన పురాణానికి మాత్రం ఇది పునాదిని కదిలించే మార్పు, ఎందుకంటే ఆ రెండింటినీ ఒకటిగా భ్రమపడిన జనాంగమే ఆ పురాణంలో సముద్రం పాలైంది.

కాపరులకు ఈ కథలతో ఏమి పని అని కొందరు పాఠకులు అడగవచ్చు. 2022లో 'ద రింగ్స్ ఆఫ్ పవర్' ధారావాహిక తెలుగు అనువాదంతో సహా విడుదలైంది. అందులో మొదటి భాగంలోనే వాలినోర్‌కు సాగే ఓడ, తెరచుకునే వెలుగు ద్వారం, చివరి క్షణంలో సముద్రంలోకి దూకే గలాద్రియేల్ కనబడతారు. మన యౌవనస్థులు ఫోనులో చూస్తున్నది ఇదే. మంత్రతంత్రాల కథలని వీటిని తోసిపుచ్చే పెద్దలున్నారు. ప్రతి వెలుగులోనూ సువార్తను చూసి ఉదాహరణగా వాడుకునే ప్రసంగీకులూ ఉన్నారు. రెండు పక్షాలవారూ కథను చదవరు. చదివితే, మరణాన్ని గూర్చి మన సంఘాల్లో అలవాటుగా చెప్పే కొన్ని మాటలను అది మన ముందే తూకం వేస్తుంది.

టోల్కీన్ 1892లో జన్మించాడు. నాలుగేళ్ళ వయసులో తండ్రి, పన్నెండేళ్ళ వయసులో తల్లి మరణించారు. 1916లో సోమ్ యుద్ధరంగంలో ఉన్నాడు. 1918 నాటికి తన సన్నిహిత మిత్రుల్లో ఒక్కడు తప్ప అందరూ చనిపోయారని తరువాత రాసుకున్నాడు. ఆక్స్‌ఫర్డ్‌లో భాషాశాస్త్ర ఆచార్యుడు, జీవితాంతం భక్తిగల కేథలిక్కు. 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' 1954-55లో మూడు సంపుటాలుగా వచ్చింది. దానికి వెనుకనున్న పురాణమంతా ఆయన మరణం (1973) తరువాత, కుమారుడు క్రిస్టఫర్ సంపాదకత్వంలో 1977లో 'ద సిల్మరిలియన్' పేరిట అచ్చయింది. తన గ్రంథం ప్రధానంగా మరణాన్ని, అమర్త్యతను గూర్చినదని ఆయన తన ఉత్తరాల్లో ఒకటికంటే ఎక్కువసార్లు చెప్పాడు. అధికారం, యుద్ధం ఆయనకు కథ నడిచే బాట మాత్రమే.

అమర్త్యుల దేశం

ఈ పురాణంలో సృష్టికర్త ఒక్కడే: ఎరు, లేక ఇలూవతార్. ఆయన క్రింద లోకపాలకులైన వాలార్ ఉన్నారు. వీరు నివసించే పడమటి దేశం వాలినోర్. ఇలూవతార్ సంతతి రెండు తెగలు: ఎల్ఫులు, మనుష్యులు. ఎల్ఫులకు ముసలితనం లేదు, రోగం లేదు. ఆయుధంతోనో, దుఃఖంతోనో చనిపోతే వారి ఆత్మలు మాండోస్ శాలలకు వెళ్ళి వేచియుంటాయి, తగిన కాలంలో మళ్ళీ శరీరం పొందవచ్చు. అయితే వారి అమర్త్యత లోకం ఉన్నంతవరకే. లోకం అంతమైతే వారి గతి ఏమిటో వారికి బయలుపరచబడలేదు. కల్పాంతం వరకే అమరులైన దేవతలను గూర్చి విన్న తెలుగు పాఠకులకు ఇది కొత్తగా తోచదు. పాశ్చాత్య పాఠకులే దీన్ని నిత్యజీవంగా పొరబడ్డారు.

మనుష్యుల సంగతి వేరు. వారు త్వరగా చనిపోతారు. కొంతకాలం మాండోస్‌లోనే వేరొక చోట వేచియుంటారని కొందరు చెబుతారు. ఆ తరువాత లోకపు వలయాలు దాటి వెళ్ళిపోతారు. ఎక్కడికో ఎల్ఫులకు తెలియదు. ఈ వెళ్ళిపోవడాన్నే ఎల్ఫులు ఇలూవతార్ మనుష్యులకిచ్చిన వరం అన్నారు. లోకం ముసలిదైనకొద్దీ అలసిపోయే తమకు ఆ విడుదల లేదని వారికి తెలుసు. ఆ వరం మీద నీడ వేసి, దాన్ని భయంగా మార్చింది మెల్కోర్ అనే దుష్టుడు.

మన పురాణాల్లో వరం తపస్సు చేసి అడిగేది. హిరణ్యకశిపుడు చావు వచ్చే దారులన్నీ ఒక్కొక్కటిగా మూసివేయమని అడిగాడు, చివరికి మూయని సందులోనుంచే చావు వచ్చింది. ఇక్కడ వరం అడగకుండా వచ్చింది, మరణమే ఆ వరం. పుచ్చుకున్నవాడు దాన్ని తిరిగి ఇచ్చేయాలని చూస్తాడు.

నూమెనోర్: భయానికి దాసులైన జనాంగం

పుస్తకంలో బలమైన భాగం, నా అభిప్రాయంలో, నూమెనోర్ కథ. దుష్టునికి విరోధంగా పోరాడిన మనుష్యులకు బహుమానంగా వాలార్ సముద్రం మధ్య ఒక ద్వీపాన్నిచ్చారు. ఇతర మనుష్యులకంటె మూడింతల ఆయుష్షు ఇచ్చారు. ఒక్కటే నిషేధం: తమ తీరం కనుమరుగయ్యేంత దూరం పడమటికి ఓడ నడపకూడదు. నిషేధానికి కారణం అసూయ కాదు. ఆ దేశంలో అడుగుపెడితే వారికి ఇంకా కావాలనిపిస్తుంది, వారి స్వభావానికి అది సరిపడదు. ఆదికాండము 3:22-24లో జీవవృక్షానికి దారి మూయబడటం శిక్ష మాత్రమే కాదు, పాపస్థితిలోనే నిరంతరం కొనసాగకుండా కాచిన కనికరం కూడా అని మనలో చాలామంది వ్యాఖ్యానిస్తాం. ఆ వ్యాఖ్యానాన్ని టోల్కీన్ ఒక ద్వీపచరిత్రగా విస్తరించాడు.

మొదటి రాజులు నిండు వయసు రాగానే తమంతట తాము ప్రాణం అప్పగించేవారు. తర్-అటనామిర్ అనే రాజుతో అది మారింది. బుద్ధి, బలం ఉడిగిపోయినా సింహాసనం వదలక వేళ్ళాడాడు. అతనికాలంలోనే వాలార్ దూతలు వచ్చి చెప్పిన జవాబు ఈ పురాణమంతటికీ కీలకం. ఆ దేశం ఎవరినీ అమర్త్యులను చేయదు, అమర్త్యులు నివసిస్తున్నందునే ఆ దేశం పవిత్రమైంది. మర్త్యులు అక్కడికి వెళితే ఎక్కువకాలం బ్రతకరు, తాళలేని వెలుగులో పురుగులవలె మరింత త్వరగా వాడిపోతారు.

వారు వినలేదు. పడమటికి వెళ్ళలేక సమాధులు కట్టారు. శవాలను చెడిపోకుండా ఉంచే విద్య సంపాదించారు. బ్రతికున్నవారి ఇళ్ళకంటె చచ్చినవారి ఇళ్ళు గొప్పవయ్యాయి. ఆయుష్షు పెరగవలసింది పోయి తరతరానికీ తగ్గింది. ఈ దశలో సౌరోన్ బందీగా వచ్చి రాజుకు మంత్రి అయ్యాడు. మెల్కోర్‌కు గుడి కట్టించి, మరణంనుండి విడుదల కోసమని నరబలులు ఇప్పించాడు. చావు తప్పించుకోవడానికి చంపడం మొదలైంది. హెబ్రీ పత్రిక 2:15 మరణభయంచేత జీవితకాలమంతా దాస్యానికి లోబడినవారిని గూర్చి చెబుతుంది. ఆ వచనం మీద ఇంతకంటె మంచి వ్యాఖ్యానాన్ని నేను వ్యాఖ్యాన గ్రంథాల్లో చదవలేదు. మరణభయం లోపల ఒక భావనగా ఆగిపోదని, అది గుళ్ళు కడుతుందని, సైన్యాలను పోగుచేస్తుందని, ఇతరుల పిల్లలను బలిపీఠం మీద పెడుతుందని టోల్కీన్ అడుగడుగునా చూపాడు.

ముసలితనం దగ్గరపడిన ఆర్-ఫరజోన్ రాజు చివరికి ఓడలతో పడమటికి దండెత్తాడు. భూమి ఆకారమే మార్చబడింది. నూమెనోర్ మునిగిపోయింది. ఆ తీరం మీద అడుగుపెట్టిన రాజు, అతని సేన కూలిన కొండల క్రింద, కడవరి యుద్ధం వరకు గుహల్లో బందీలయ్యారు. చావకూడదనుకున్నవాడికి ఒక విధంగా అతడు కోరినదే దొరికింది.

1958లో ఒక ఉత్తరంలో టోల్కీన్ తన గ్రంథం చెప్పే సంగతి ఏమిటో వివరించాడు: నిజమైన అమర్త్యత వేరు, కాలంలో అంతులేకుండా సాగుతూ పోవడం వేరు. ఈ రెంటినీ కలగాపులగం చేయడం భయంకరమైన ప్రమాదం. ఉంగరం ధరించినవారికి జరిగేదీ అదే. వారి జీవం పెరగదు, పలచబడి సాగుతుంది. తొమ్మండుగురు నాజ్గూల్ రాజులు ఈ సాగదీత చివరి మెట్టు: చావరు, బ్రతికీ లేరు. యముడు దీర్ఘాయుష్షు ఇస్తానంటే నచికేతుడు ఎందుకు కాదన్నాడో తెలిసినవారికి ఈ తేడా సులభంగా అర్థమవుతుంది. యోహాను సువార్త నిత్యజీవాన్ని కాలపరిమాణంగా కాక దేవుని ఎరుగుటగా నిర్వచించడం (17:3) ఇక్కడ గుర్తుచేసుకోవాలి. మన యువజన కూటాల్లో మాత్రం నిత్యజీవమంటే "ఎప్పటికీ అయిపోని జీవితం" అనే వివరణే ఎక్కువగా వినబడుతుంది. ఆ నిర్వచనం ప్రకారమైతే నాజ్గూల్ రాజులు కూడా అర్హులే.

మరి ఫ్రోడో ఎందుకు వెళ్ళాడు? మానని గాయాల స్వస్థత కోసం. 1954లో రచయిత్రి నయోమి మిచిసన్‌కు రాసిన ఉత్తరంలో టోల్కీన్ స్పష్టం చేశాడు: మర్త్యులకు అది తాత్కాలిక బహుమానం మాత్రమే, వారు అక్కడ శాశ్వతంగా ఉండలేరు, తమ ఇష్టపూర్వకంగా మరణించి లోకాన్ని విడిచిపోతారు. కాబట్టి అది పరలోకం కాదు. నవలలో ఫ్రోడో ఇంకా చనిపోవలసి ఉంది. సినిమా ఆ సంగతిని దాచి, పిప్పిన్‌కు మరణం అంటే వాలినోర్ అని చెప్పింది. నూమెనోర్ రాజు పొరపాటును గాండాల్ఫ్ నోట ఓదార్పుగా పలికించింది.

వరం అనే మాటతో చిక్కు

ఇంతవరకు నేను టోల్కీన్ పక్షం. ఇక్కడినుండి కొంత తగువు ఉంది.

రోమా 6:23లో మన తెలుగు బైబిలు కృపావరము అనే మాట వాడుతుంది. గ్రీకులో ఖారిస్మా. కాని అక్కడ కృపావరము నిత్యజీవము, మరణం జీతము. టోల్కీన్ ఎల్ఫులు జీతం ఉన్న చోట వరాన్ని పెట్టారు. 1 కొరింథీ 15:26 మరణాన్ని నశింపజేయబడవలసిన కడపటి శత్రువు అంటుంది. లాజరు సమాధి దగ్గర ప్రభువు కన్నీళ్ళు విడిచాడు, ఆత్మలో మూలిగాడు (యోహాను 11:33-38). వరం పుచ్చుకున్న ఇంటికి వచ్చినవాడు అలా మూలుగడు. 'ద రిటర్న్ ఆఫ్ ద కింగ్' సంపుటి వెలువడిన 1955లోనే ఆస్కార్ కుల్‌మన్ హార్వర్డ్‌లో చేసిన ఉపన్యాసంలో సోక్రటీసు మరణాన్ని, యేసు మరణాన్ని పక్కపక్కన పెట్టాడు. ఒకడు విషపాత్రను ప్రశాంతంగా, స్నేహితుడిని అందుకున్నట్టు అందుకున్నాడు. మరొకడు గెత్సేమనేలో వణికాడు. ఆత్మ అమర్త్యత అనే గ్రీకు తలంపుకు, మృతుల పునరుత్థానమనే క్రొత్త నిబంధన విశ్వాసానికి ఉన్న దూరం ఆ రెండు దృశ్యాల్లో ఉందని కుల్‌మన్ వాదం.

ఆ కొలతతో ఆరగోర్న్ మరణాన్ని చూడండి. 210 ఏళ్ళ రాజు తన సమాధిమందిరంలో తానే పడుకొని, వయసు ఉడిగిపోకముందే వరాన్ని తిరిగి అప్పగిస్తున్నానంటాడు. లోకపు వలయాల ఆవల జ్ఞాపకంకంటె ఎక్కువైనది ఏదో ఉందని భార్యను ఓదారుస్తాడు. గంభీరమైన దృశ్యం, సందేహం లేదు. కాని ఇది గెత్సేమనేకంటె సోక్రటీసు చెరసాలకు దగ్గర. అతని భార్య ఆర్వెన్ ఎల్ఫు స్త్రీ, అతనికోసం మర్త్యత ఎంచుకుంది. సావిత్రి యముని వెంటనడిచి భర్తకు ఆయుష్షు గెలిచింది. ఆర్వెన్, ఆమెకు ముందు లూథియెన్, భర్తలతోపాటు చావును ఎంచుకున్నారు. ఆ ఆర్వెన్ ఓదార్పు పొందలేదు. నూమెనోర్‌వారిని మూర్ఖులని తృణీకరించిన తాను ఇప్పుడు వారిని చూసి జాలిపడుతున్నానని, ఇది వరమే అయితే పుచ్చుకోవడానికి చేదుగా ఉందని భర్తకు చెప్పి, ఒంటరిగా ఆకులు రాలే అడవికి వెళ్ళి చనిపోయింది. రచయిత ఆమెను మందలించలేదు. ఆరగోర్న్ నోట సిద్ధాంతం ఉంది, ఆర్వెన్ నోట నిజం ఉంది.

టోల్కీన్‌కు ఈ చిక్కు తెలియకపోలేదు. మరణం వరమన్నది ఎల్ఫుల దృష్టికోణమని, పాపఫలితంగా మరణం వచ్చిందనే క్రైస్తవ విశ్వాసాన్ని అది ఖండించదని, దైవశిక్ష కూడా అంగీకరించినప్పుడు వరమవుతుందని 1958లోనే మరో ఉత్తరంలో వాదించాడు. చివరి మాటలో సత్యముంది. పౌలు చావైతే లాభమే అన్నాడు (ఫిలిప్పీ 1:21). కాని వెంటనే కారణం చెప్పాడు: క్రీస్తుతోకూడ ఉండటం. లాభం మరణంలో లేదు, అవతల ఉన్న వ్యక్తిలో ఉంది. ఆరగోర్న్‌కు అవతల ఏదో ఉంది, ఎవరూ లేరు. ఇంకొక లోటు: మనుష్యుల విషయంలో ఇక్కడ తీర్పు లేదు. సి.ఎస్. లూయిస్ 1956లో 'ద లాస్ట్ బాటిల్'లో ప్రతి ప్రాణినీ ద్వారం దగ్గర అస్లాన్ ముఖం చూసేలా నిలబెట్టాడు. కళాత్మకంగా టోల్కీన్ గొప్పవాడే అయినా, ఆ ద్వారం అతని లోకంలో లేదు.

నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. పరిచర్య మొదటి సంవత్సరాల్లో, డెల్టాలోని ఒక పల్లె సంఘంలో, నాలుగేళ్ళ పిల్లను సమాధి చేశాం. అందరూ చెప్పే మాటే నేనూ చెప్పాను: దేవుడు తన తోటకు ఒక పువ్వు కావాలని కోసుకున్నాడు. తల్లి గట్టు మీద కూర్చుని ఉంది. తలెత్తకుండానే అడిగింది. "అయ్యగారూ, ఆయన తోటలో పూలకు కరువొచ్చిందా?" ఎవరూ ఏమీ అనలేదు. నేను ఆశీర్వాదం పలికి ఇంటికి వచ్చాను. మరణం వరమని నేను ఏ ఎల్ఫు దగ్గరా నేర్చుకోలేదు, మన ఓదార్పు భాషలోనే అది ఉంది.

ఆండ్రెత్

ఆ తల్లి ప్రశ్నను టోల్కీన్ ఒకచోట రాశాడు. 1959 ప్రాంతంలో రాసిన ఈ సంభాషణ 1993లో 'మోర్గోత్స్ రింగ్' సంపుటిలో అచ్చయింది. సినిమా చూసినవారికి తెలియదు, నవల చదివినవారిలోనూ చాలామందికి తెలియదు. ఎల్ఫు రాజు ఫిన్‌రోద్, మనుష్యుల్లో జ్ఞాని అయిన ఆండ్రెత్ అనే స్త్రీ మాట్లాడుకుంటారు. ఆమె వయసు మళ్ళినది. యౌవనంలో ఫిన్‌రోద్ తమ్ముడు అయిగ్నోర్‌ను ప్రేమించింది, అతడు ఆమెను వివాహమాడక వెళ్ళిపోయాడు. అతడు ఇంకా యౌవనుడే.

ఫిన్‌రోద్ మరణం మీ వరం కదా అన్న ధోరణిలో మొదలుపెడతాడు. ఆండ్రెత్ ఒప్పుకోదు. మేము చావడానికి పుట్టలేదు, మా పెద్దలు అలా చెప్పలేదు, ఇది మా మీద మోపబడింది అంటుంది. శరీరం ఆత్మకు సత్రం కాదు, ఇల్లు. ఇంటినుండి వెళ్ళగొట్టడాన్ని వరమనకూడదన్నది ఆమె వాదన సారం. ఫిన్‌రోద్ మొదట తన తత్వంతో సర్దిచెప్పబోయి, తరువాత నిజంగా వింటాడు. ఆమె చెప్పేది నిజమైతే, మనుష్యులు శరీరంతోసహా నిలిచి, గాయపడిన లోకాన్ని కూడా పైకెత్తడానికి చేయబడ్డారని అతనికి తోస్తుంది. ఇది కుల్‌మన్ ఎత్తిచూపిన క్రొత్త నిబంధన పక్షం. రోమా 8:19-23 కూడా దూరంలో లేదు.

అక్కడ ఫిన్‌రోద్ రెండు మాటలు వేరుచేస్తాడు. ఒకటి అమ్దిర్: పరిస్థితులు చూసి మంచి జరుగుతుందనుకోవడం. రెండోది ఎస్తెల్: ఏ ఆధారమూ కనబడకపోయినా, తన పిల్లలను ఎవరూ తననుండి దోచుకోనివ్వడని సృష్టికర్తను నమ్మడం. మన తెలుగులో రెండింటికీ నిరీక్షణ అనే వాడుతున్నాం. ఎస్తెల్ ఆరగోర్న్ చిన్ననాటి పేరు కూడా.

చివరికి ఆండ్రెత్ మనుష్యుల్లో కొందరు నమ్మే పాత నిరీక్షణ ఒకటుందని చెబుతుంది: ఆ ఒక్కడే స్వయంగా లోకంలోకి వచ్చి, మనుష్యులను, మొదటినుండి చివరివరకు చెడినదంతటినీ బాగుచేస్తాడట. ఆమె దాన్ని నమ్మలేకపోతోంది. లోకాన్ని చేసినవాడు తాను చేసినదానిలో ఎలా పడతాడు, అది బద్దలు కాదా? ఫిన్‌రోద్‌కు ఎలాగో తెలియదు, కాని అది తప్ప వేరే దారి లేదని మాత్రం చూస్తాడు. ఇది క్రైస్తవ్యానికి పేలవమైన అనుకరణ అవుతుందేమోనని టోల్కీన్ ఒక గమనికలో భయపడ్డాడు. నాకలా అనిపించలేదు. యోహాను 1:14 ఎంత అసాధ్యమైన మాటో, దాన్ని ప్రతి క్రిస్మస్‌కూ చదివే మనం మరచిపోయాం. ఆండ్రెత్‌కు అది అసాధ్యమని తెలుసు.

సంభాషణ జవాబుతో ముగియదు. ఆమె వెళ్ళే చోట వెలుగు దొరకవచ్చునని, అక్కడ తమ్ముడికోసం, తనకోసం వేచియుండమని మాత్రం ఫిన్‌రోద్ కోరతాడు. కథాకాలం క్రీస్తుకు పూర్వం గనుక టోల్కీన్ అక్కడే ఆపాడు. ఆపడం సరైనదే.

ఈ సంవత్సరం సమాధి ప్రసంగాల తరగతిలో విద్యార్థులకు ఆండ్రెత్ ప్రశ్నను ఇచ్చాను. పడమటి దేశం, ఆవలి ఒడ్డు, దేవుని తోట అనే మాటలు వాడకుండా, యోహాను 11 ఆధారంగా ఆమెకు జవాబు రాయమన్నాను. అరగంట సమయమిచ్చాను. సగంమంది కాగితం ఇవ్వకుండా, ఇంకొక రోజు కావాలని అడిగారు. ఇచ్చాను.